గోడ దూకితేనే అభివృద్ధి

పార్టీ మారిన ఎమ్మెల్యే తన కోసం మారిన దాఖలా ఈ దేశంలో ఇంతవరకూ లేదు. ఇంత నిస్వార్థం మరే వృత్తిలోనూ కనిపించదు. మైకు ముందు పెడితే చాలు, నియోజకవర్గ అభివృద్ధి కోసమేనంటారు. బాగేపల్లిలో తెలుగులో అడిగినా, బెంగళూరులో కన్నడంలో అడిగినా అదే జవాబు. మారేది కండువా ఒక్కటే.

కర్ణాటకలోని చిక్కబళ్ళాపురానికి ఈ భాగ్యం 2019లో పట్టింది. కాంగ్రెస్ టికెట్టు మీద రెండుసార్లు గెలిచిన డాక్టర్ కె. సుధాకర్‌ను మంచి చేసుకోవడానికి కుమారస్వామి కాంగ్రెస్–జేడీఎస్ సంకీర్ణ సర్కారు కాలుష్య నియంత్రణ మండలి అధ్యక్ష పదవి ఇచ్చి చూసింది. కొద్ది వారాలు తిరిగేసరికి, జూలై 10న, ఆయన రాజీనామా పట్టుకుని విధానసౌధకు వచ్చారు. సొంత పార్టీవాళ్ళు ఆయన్ని ఒక గదిలోకి లాక్కెళ్ళి తలుపులేసుకుని బతిమాలారు. చివరికి గవర్నర్ కబురుతో, పోలీసుల కాపలాలో రాజ్‌భవన్ చేరారు. ఓటర్ల తరఫున మాట్లాడాల్సిన మనిషిని ఇంత భద్రంగా తరలించడం అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. జూలై 23న విశ్వాస పరీక్షలో 99–105 ఓట్లతో సర్కారు కూలింది.

మరి ఫిరాయింపుల చట్టం? ఉంది. 1985లో 52వ సవరణతో పుట్టింది, 2003లో 91వ సవరణతో పళ్ళు మొలిచాయి. అనర్హుడైనవాడు మళ్ళీ గెలిచేదాకా మంత్రి కాకూడదని అందులో రాసుంది. మళ్ళీ గెలిస్తే కావచ్చు. ఆ కిటికీ తెరిచి చూపించిన ఘనత కర్ణాటకదే. 2008లో బీజేపీ ‘ఆపరేషన్ కమల’ పేరుతో రాజీనామా, ఉప ఎన్నిక, పదవి అనే మూడు మెట్ల దారి వేసింది ఇక్కడే. 2019లో స్పీకర్‌గా ఉన్న పొరుగు శ్రీనివాసపురం ఎమ్మెల్యే రమేశ్ కుమార్ సుధాకర్ సహా 17 మందిని సభ గడువు తీరేదాకా అనర్హుల్ని చేశారు. నవంబరు 13న జస్టిస్ ఎన్.వి. రమణ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం అనర్హత సరైనదేనంది, పోటీ చేయడానికి మాత్రం అడ్డు లేదంది. అంటే అనర్హులే, కానీ అర్హులు.

అసలు కథ మెడికల్ కాలేజీది. తన ఊరికి రావలసిన కాలేజీ కనకపురకు, అంటే కాంగ్రెస్ నేత డి.కె. శివకుమార్ ఇలాకాకు, పోయిందన్నది సుధాకర్ గోడు. ఉప ఎన్నికకు ముందే కొత్తగా వచ్చిన బీజేపీ యడియూరప్ప సర్కారు ఆ కాలేజీని కనకపుర నుంచి చిక్కబళ్ళాపురానికి మార్చేసింది. అప్పటికి సుధాకర్ ఎమ్మెల్యే కూడా కాదు. ఎమ్మెల్యేగా సాధించలేనిది అనర్హుడిగా సాధించారు! డిసెంబరులో బీజేపీ అభ్యర్థిగా నిలబడ్డ ఆయనకు జనం మెజారిటీని 30 వేల నుంచి 34 వేలకు పెంచారు, ఫిబ్రవరిలో ఆయన మంత్రి అయ్యారు.

కాబట్టి ‘అభివృద్ధి కోసమే’ అన్న మాట అబద్ధమని కొట్టిపారేయడానికి లేదు. అది నిజం కావడమే అన్యాయం. గోడ దూకితే కాలేజీ వస్తుందంటే, దూకని వాళ్ళ ఊళ్ళకు రాదనేగా? పక్కనే బాగేపల్లిలో ఎస్.ఎన్. సుబ్బారెడ్డి కాంగ్రెస్‌లోనే ఉండిపోయారు. అక్కడి రైతు కట్టే పన్ను మాత్రం యడియూరప్ప ఖజానాకే వెళ్ళింది. ఆ రైతు ఓటు ఏ లెక్కన తక్కువైందో ఏ కండువా చెప్పదు.

జనం ఒప్పుకోకపోతే? దానికీ దారుంది. చిక్కబళ్ళాపురం లోక్‌సభ స్థానంలోని హొసకోటెలో, అనర్హుల జాబితాలోనే ఉన్న ఎం.టి.బి. నాగరాజ్‌ను ఓటర్లు ఇంటికి పంపారు. ఆయన ఇంటికి పోకుండా విధాన పరిషత్తుకు పోయారు, 2021 జనవరిలో మంత్రి అయ్యారు.

అయినా కన్నడ సీమ ఫిరాయింపులో కాస్త పద్ధతుంది. రాజీనామా అనే ముహూర్తమైనా పెట్టుకుంటారు. సరిహద్దు దాటితే అదీ లేదు. ఆంధ్రలో 2014 తర్వాత 23 మంది వైఎస్సార్‌సీపీ ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి నడిచొచ్చారు, నలుగురు 2017 ఏప్రిల్‌లో మంత్రులయ్యారు. 2019లో తెలుగుదేశం గెలిచినవి సరిగ్గా 23. తెలంగాణలో 2019లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు ‘విలీనం’ పేరుతో టీఆర్‌ఎస్‌లో కలిసిపోయారు. తర్వాత గాలి తిరిగి, బీఆర్‌ఎస్‌గా పేరు మార్చుకున్న ఆ పార్టీ నుంచి పది మంది కాంగ్రెస్ వైపు వెళ్ళారని ఫిర్యాదులు వస్తే, మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కు సుప్రీంకోర్టు 2025 జూలై 31న చెప్పాల్సి వచ్చింది.

మళ్ళీ కర్ణాటకకు వస్తే, కైవార ఓటరు అవస్థ ఇంకో రకం. జిల్లా చిక్కబళ్ళాపురం, ఎంపీ కోలారు. చిక్కబళ్ళాపురం ఎంపీని ఎన్నుకోవడానికేమో బెంగళూరు యలహంక నుంచి ఓటర్లొస్తారు. పైగా కైవార ఉన్న చింతామణి ఎమ్మెల్యే కూడా డాక్టర్ సుధాకరే, ఎం.సి. సుధాకర్, కాంగ్రెస్. 2023లో ఆ సుధాకర్ మంత్రి అయ్యారు, ఈ సుధాకర్ ఓడిపోయారు. మరుసటి ఏడే ఈయన ఎంపీగా ఢిల్లీ వెళ్ళారు. అర్జీ రాసేవాళ్ళు ఇనిషియల్ చూసుకుని రాయాలి.

కాలేజీల ప్రయాణం మాత్రం ఆగలేదు. 2023లో కాంగ్రెస్ వచ్చింది, శివకుమార్ ఉపముఖ్యమంత్రి అయ్యారు. సెప్టెంబరుకల్లా రామనగరలో బంద్. తమ మెడికల్ కాలేజీని కనకపురకు ఎత్తుకుపోతున్నారని జనం కోపం. రామనగర ఎమ్మెల్యే ఇక్బాల్ హుసేన్ అధికార పార్టీవారే. దూకుదామన్నా ఆయనకు గోడ లేదు.