కోడ్ అక్కర్లేని పని

మా ఆఫీసులో అన్నిటికన్నా ఖరీదైన మాట ఒకటుంది: "కోడ్ రాసే పనే లేదండీ, కాన్ఫిగరేషన్ ఒక్కటే." మా మేనేజరు గారు దీన్ని ఎక్కువగా శుక్రవారం సాయంత్రాలే వాడతారు. కోడ్ రాసే పనైతే అంచనా వెయ్యాలి, రోజులు కేటాయించాలి, టెస్టింగ్ వాళ్ళని బతిమాలాలి. కాన్ఫిగరేషన్‌కి ఆ బాధలేవీ లేవు. టీ తాగి వచ్చేలోపు అయిపోతుందని అందరికీ నమ్మకం, చేసేవాడికి తప్ప.

ఈసారి పని ఏమిటంటే, వెబ్‌లో పుడుతున్న సమాచారాన్ని పుట్టింది పుట్టినట్టు కాఫ్కాలోకి తేవాలి. కస్టమరుకి డెమో. నమూనాకి వికీపీడియాని పట్టుకున్నాం. ఏ భాషలో ఎవరు ఏ పేజీ దిద్దినా ఆ కబురుని వికీమీడియా వాళ్ళు అప్పటికప్పుడే ఒక ధారగా బయటికి వదులుతారు. ఎవరైనా పట్టుకోవచ్చు, పైసా అడగరు. అందులో తెలుగు మార్పులూ ఉంటాయి, 'టీఈవికీ' అన్న గుర్తుతో. ఆ ధారకీ కాఫ్కాకీ మధ్య ఒక కనెక్టరు తగిలించాలి.

కాఫ్కా ఎవరో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. లింక్డిన్‌లో పుట్టి, 2011లో ఓపెన్ సోర్స్ అయిన సాఫ్ట్‌వేర్ ఇది. వచ్చే సందేశాలన్నీ 'టాపిక్' అనే పద్దుల్లో వరసగా రాసిపెట్టుకుంటుంది, కావలసినవాళ్ళు వాళ్ళ తీరికను బట్టి చదువుకుంటారు. రాతపని దీని ప్రత్యేకత గనక రచయిత పేరే పెడదామని, తయారుచేసినవాళ్ళలో ఒకరైన జే క్రెప్స్ తనకిష్టమైన ఫ్రాంజ్ కాఫ్కా పేరు పెట్టాడు. ఆ కాఫ్కా ప్రాగ్‌లో ఇన్సూరెన్స్ ఉద్యోగి. ఆయన నవల 'ది క్యాజిల్'లో ఒక సర్వేయరు కోటలో పని ఉందని వస్తాడు, రచయిత నవల రాయడం ఆపేసేదాకా కోటలోకి వెళ్ళలేకపోతాడు. కనెక్టరు పెట్టబోయేవాళ్ళకి మాన్యువల్ కన్నా ముందు ఆ నవల ఇవ్వాలని నా అభిప్రాయం. 1924లో పోయిన ఆ కాఫ్కా, తన రాతలన్నీ తగలబెట్టమని స్నేహితుడు మాక్స్ బ్రాడ్‌కి చెప్పాడు, బ్రాడ్ వినలేదు. ఈ కాఫ్కాకి ఎవరూ చెప్పక్కర్లేదు. మనం వేరే గడువు పెట్టకపోతే 168 గంటలు దాచి, ఆ తర్వాత తన రాతలు తనే చెరిపేసుకుంటుంది.

సరే, కనెక్టరు అంటే చేతికొచ్చేది ఒక జార్ ఫైలు. దాన్ని చెప్పిన ఫోల్డరులో పడేసి, కనెక్టర్లని నడిపే వర్కర్‌ని ఆపి మళ్ళీ లేపి, 8083 పోర్టుకి వెళ్ళి "మావాడు కనబడ్డాడా" అని అడగాలి. కనబడితే ఓ డజను వరసల జేసన్ రాసి పంపాలి. పేరు, క్లాసు, ఎన్ని టాస్కులు, ఏ చిరునామా, ఏ టాపిక్, కన్వర్టర్లు ఏవి. కస్టమరు సర్వరులో భద్రత దృష్ట్యా కాపీ పేస్టు నిషేధం. దాని ముందు మా టీమ్ కుర్రాడు కూర్చున్నాడు, నేను ఇంట్లో ఫోను పట్టుకుని నిలబడ్డాను.

"రాసుకో. ఆర్గ్ డాట్ అపాచీ డాట్ కాఫ్కా డాట్ కనెక్ట్ డాట్ జేసన్ డాట్ జేసన్ కన్వర్టర్."

"జేసన్ రెండుసార్లా అన్నా?"

"రెండుసార్లే. మొదటిదాంట్లో అన్నీ చిన్నక్షరాలు. రెండోదానికి జె పెద్దది."

"మిగతా మూడూ?"

"చిన్నవే. కన్వర్టర్‌లో మళ్ళీ సి పెద్దది."

"మధ్యలో డాట్ ఉందా?"

"లేదు నాయనా, కలిపెయ్."

వంటింట్లోంచి మా ఆవిడ తొంగిచూసింది. "ఎవరిదండీ ఆ అడ్రసు, పాపం అంత పొడుగుంది?"

కోడ్‌లో ఒక అక్షరం తేడా వస్తే కంపైలర్ ఊరంతా వినబడేలా అరుస్తుంది. కాన్ఫిగరేషన్ అలా కాదు, మహా మర్యాదస్తురాలు. సెట్టింగ్ పేరు తప్పు రాసినా కాదనదు. చాలావరకు ఆ వరసని పట్టించుకోకుండా ముందుకెళ్ళిపోతుంది. మనం పెట్టామనుకున్నది అక్కడ లేదని తెలియాలంటే లాగ్‌లో ఓ మూల పడి ఉన్న హెచ్చరిక దొరకాలి, లేదా జాతకం బాగుండాలి.

కాసేపటికి కుర్రాడు అరిచాడు. "అన్నా! రన్నింగ్ అని చూపిస్తోంది!"

"టాపిక్‌లో ఏమైనా పడిందా?"

"ఏం పడలేదన్నా. కానీ రన్నింగ్."

ఇక్కడో విషయం. స్టేటస్ అడిగితే కనెక్టరు పరిస్థితి వేరు, దాని కింద అసలు పని చేసే టాస్కు పరిస్థితి వేరు. కనెక్టరు రన్నింగ్‌లో ఉండగానే టాస్కు ఫెయిలై పడి ఉండొచ్చు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత కట్టినవాడు ఈ తెర చూసే ఉంటాడు. పడిపోయిన టాస్కు మామూలుగా తనంతట తను లేవదు, ఎవరో వెళ్ళి రీస్టార్ట్ చెయ్యాలి. మాది 403, అంటే 'లోపలికి రానివ్వం', కొట్టి పడింది. ధార తీసుకునేవాళ్ళు ఎవరో, ఎలా సంప్రదించాలో యూజర్ ఏజెంట్ హెడర్‌లో చెప్పమంటారు వికీమీడియా వాళ్ళు. న్యాయమే. ఊరూ పేరూ చెప్పాక పంపించారు.

ఇంతలో మేనేజరు గారు ఫోనులో చేరారు. "టాస్కులు ఒకటే ఉన్నాయేంటండీ? ఎనిమిది పెట్టండి, స్పీడొస్తుంది." మనం రాసేది గరిష్ఠ సంఖ్య మాత్రమేననీ, ధార ఒక్కటైనప్పుడు కనెక్టరు ఒక్క టాస్కునే పంపుతుందనీ చెప్పాను. అయినా ఎనిమిదే పెట్టించారు. ఆ ఎనిమిది స్లైడులోకి వెళ్ళింది. పని చేస్తున్నది మాత్రం ఒక్కడే, అచ్చం మా టీమ్‌లో లాగానే.

మొదటి సందేశం తెరిచి చూస్తే అసలు విషయం కనబడితే ఒట్టు. ఆ జేసన్ కన్వర్టర్‌లో స్కీమా తగిలించాలా అన్న సెట్టింగ్ ఒకటుంది. మనమేమీ అనకపోతే అవుననే దానర్థం. దాంతో ప్రతి సందేశం తన గోత్రనామాలు వెంటేసుకుని వస్తుంది. ఈ ఫీల్డు పేరిది, రకం ఇది, ఖాళీగా ఉండొచ్చా కూడదా, ఇలా. పెళ్ళి శుభలేఖలో తాతముత్తాతలూ మేనమామలూ అయ్యాక ఎక్కడో ముహూర్తం దొరికినట్టు, ఆ వివరాలన్నీ దాటాక "కామా ఒకటి చేర్చారు" అన్న కబురు దొరికింది.

ఇక ఆ ధార పావుగంటకోసారి తెగుతుంది. వికీమీడియా వాళ్ళ కనెక్షన్ గడువే పదిహేను నిమిషాలు. తెగినప్పుడల్లా చివరగా అందిన సందేశం గుర్తు చూపించి, అక్కడి నుంచి మళ్ళీ అందుకోవాలి. ఆ గుర్తులో ఏముందా అని చూశాను. టాపిక్ పేరు, పార్టిషన్ నంబరు! రెండూ కాఫ్కా మాటలే. విషయమేమిటంటే ఆ ధార వెనకాల ఉన్నదీ కాఫ్కానే. వాళ్ళ కాఫ్కాలోంచి వెబ్‌లోకి పోసినదాన్ని మేము మళ్ళీ వెబ్‌లోంచి కాఫ్కాలోకి పోస్తున్నాం. దీన్ని డిజిటల్ ట్రాన్స్‌ఫర్మేషన్ అంటారు.

చివరగా తెలుగు మార్పులు విడదియ్యాలి. ఈ కనెక్టర్లని నడిపే కాఫ్కా కనెక్ట్‌తో పాటు ఓ ఫిల్టర్ వస్తుంది. టాపిక్ పేరు చూడటం దానికి తెలుసు, ఫలానా హెడర్ ఉందో లేదో తెలుసు, సందేశం ఖాళీదా కాదా అన్నదీ తెలుసు. లోపల ఏం రాసి ఉందో చదవడం ఒక్కటే తెలియదు. అంచేత 'టీఈవికీ' అని ఉన్నవి ఏరడానికి మేము కోడ్ రాశాం. అక్కర్లేదన్న కోడే.

డెమో రోజు తెర మీద ఇంగ్లీషు, జర్మన్, జపనీస్ వరసలు పరుగులు తీస్తున్నాయి. తెలుగు వరస నిలబడిపోయింది. కస్టమరు చూస్తున్నాడు. మేనేజరు గారు నా చెవిలో, "కనెక్టరు ఆగిందా?" అన్నారు.

"లేదండీ. ప్రస్తుతం తెలుగులో ఎవరూ ఏమీ దిద్దడం లేదు."

"దాన్ని కాన్ఫిగర్ చెయ్యలేమా?"

చెయ్యలేమండీ. అందుకని పాఠకులకి ఒక విన్నపం. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచీ ఉంది, మీ ఊరి పేజీ కూడా అందులో ఉండే ఉంటుంది. తెరిచి, తప్పులుంటే దిద్దండి. వచ్చే మంగళవారం ఉదయం పదకొండింటికైతే మరీ మంచిది. మాకు రెండో డెమో ఉంది.