గిరీశం రాత, వెంకటేశం దిద్దుబాటు

చెప్పిన పనికి తానే ప్రోగ్రాము రాసిపెట్టే కృత్రిమ మేధను ఏజెంటు అనీ, ఆ రాతలో తప్పులు పట్టడాన్ని కోడ్ రివ్యూ అనీ అంటారు. ఇప్పుడు రివ్యూను కూడా మరో మేధకే అప్పగించి, కొత్త ఉద్యోగికి ఏనాడూ పేజీడు మాన్యువల్ రాసివ్వని కంపెనీలు ఏజెంటు కోసం మాత్రం ‘ఏజెంట్స్.ఎండీ’ అనే ఫైలులో ‘ముందు పరీక్షలు నడుపు, పాస్‌వర్డుల జోలికి పోకు’ అంటూ బుజ్జగించి మరీ రాస్తున్నాయి. మైక్రోసాఫ్ట్‌లో కొన్ని ప్రాజెక్టుల కోడ్‌ను 20, 30 శాతం దాకా సాఫ్ట్‌వేరే రాస్తోందని ఆ సంస్థ అధిపతి సత్య నాదెళ్ల 2025 ఏప్రిల్‌లోనే సెలవిచ్చారు. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ నాటకాన్ని తానే తిరగరాసి 1909లో మళ్లీ అచ్చువేయించిన గురజాడ పేరిట సాంకేతిక విశ్వవిద్యాలయం వెలసిన విజయనగరంలోనైనా, ఆ నాటకంలోని గిరీశం రాతను అతని శిష్యుడు వెంకటేశం దిద్దితే చాలునన్న ఈ పద్ధతి చెల్లకూడదు. ఆ ‘ఏజెంట్స్.ఎండీ’ ఫైలు చివర, తప్పు జరిగితే జవాబు చెప్పవలసిన మనిషి పేరు ఒక్కటి రాయించండి.