జిర్కోనియా క్యాపు త్వరగా విరగాలంటే

తమ్ముడూ, నెల్లూరులో డెంటల్ ల్యాబ్ పెట్టావు, సంతోషం. డాక్టరు పొద్దున కొలత పంపి, సాయంత్రానికల్లా జిర్కోనియా క్యాపు కావాలంటాడు. పేషంటుది మైపాడో కృష్ణపట్నమో అయితే ఆదివారం ఇంట్లో పీతల కూర ఖాయం, డెక్క పటుక్కున కొరకడమూ ఖాయం. క్యాపు పదేళ్లు నిలబడితే ఆ మనిషి మళ్లీ నీ గుమ్మం తొక్కడు. అందుకే ఈ చిట్కాలు.

ముందు సరుకు సంగతి తెలుసుకో. ఏమీ కలపని జిర్కోనియాను కాల్చి చల్లారిస్తే దానంతటదే పగిలిపోతుంది. 1170 డిగ్రీల పైన దాని స్ఫటికాలు టెట్రాగోనల్ రూపంలో ఉంటాయి. చల్లారేటప్పుడు మోనోక్లినిక్‌గా మారుతూ నాలుగైదు శాతం ఉబ్బుతాయి. అలా మారకుండా పట్టి ఉంచడానికే ఇట్రియా అనే ఆక్సైడ్ కలుపుతారు. స్ఫటికాన్ని ఇట్రియా తాడేసి కట్టిన నెల్లూరు పొట్టేలనుకో. ఎక్కడన్నా పగులు మొదలై దగ్గరకొస్తే అప్పుడు తెంచుకుని ఉబ్బుతుంది, ఆ పగులును కుమ్మి నొక్కేస్తుంది. మామూలు పింగాణీకి లేని మొండితనం ఇక్కడిదే. 1975లో గార్వీ, ఆయన సహచరులు నేచర్ పత్రికలో రాసిన వ్యాసానికి ‘సిరామిక్ స్టీల్?’ అని పేరు పెట్టారు. ప్రశ్నార్థకం వాళ్లదే. నీ కరపత్రంలో దాన్ని తీసేసి వేయించు.

ఇక నీ పనల్లా ఆ తాడుతో ఆడుకోవడమే. 3 మోల్ శాతం ఇట్రియా ఉన్న డిస్కు వెయ్యి మెగాపాస్కల్స్ దాకా ఓర్చుకుంటుంది గానీ కాస్త మొద్దు తెలుపు. 5 శాతం డిస్కులోంచి వెలుతురు బాగా దూరుతుంది, సొంత పన్నులాగే కనబడుతుంది. అందులో చాలాభాగం క్యూబిక్ స్ఫటికాలు. పొట్టేలు ఎంత పగులొచ్చినా కదలదు. బలం దాదాపు సగానికి పడిపోతుంది. ముందు పళ్లకు అది మంచి ఎంపికే. నువ్వు మాత్రం దవడ చివర నాలుగు పళ్ల బ్రిడ్జికి వాడు. ఫొటోలో అదిరిపోతుంది.

మిల్లింగ్ అయిన క్యాపు సుద్దంత మెత్తన. కాలిస్తే ప్రతి వైపూ ఇంచుమించు ఐదో వంతు కుంచించుకుపోతుంది. ఎంత పెంచి చెక్కాలో డిస్కు మీదే అచ్చు వేసి ఉంటుంది, ప్రతి బ్యాచ్‌కూ కాస్త తేడాతో. చదవకు. పోయిన నెల అంకె కంప్యూటర్‌లో అలాగే ఉంది కదా!

రంగు ద్రావణంలో ముంచి తీశాక ఆరబెట్టే పని కూడా పెట్టుకోకు. సముద్రం గాలికి ఎటూ సరిగా ఆరదు. తడి క్యాపును నేరుగా కొలిమిలోకి తోస్తే లోపలి నీరు ఆవిరై దాని దారి అది చేసుకుంటుంది. క్యాస్టింగ్‌కు వాడే ఇన్వెస్ట్‌మెంట్ పొడి కూడా అదే బల్ల మీద దులుపు. అందులోని సిలికా స్ఫటికాల సందుల్లో గాజులా చేరుతుంది. చిల్లకూరు, కోట ఇసుక గాజు ఫ్యాక్టరీలకు పోవడం చూశావుగా, అదే పదార్థం.

అసలు ఆట కొలిమి దగ్గర. 1500 డిగ్రీల చుట్టుపక్కల రెండు గంటలు ఉంచమంటారు. 1400 దగ్గరే ఆపేస్తే సన్న రంధ్రాలు మిగిలిపోతాయి, క్యాపు మసకగా ఉంటుంది. లేదా 1600 దాటించు. స్ఫటికాలు పెరుగుతాయి, క్యూబిక్‌వి ఇట్రియాను తమ వైపు లాగేసుకుంటాయి, పక్కనున్న టెట్రాగోనల్‌వి బక్కచిక్కుతాయి. మైక్రాన్ దాటి పెరిగినవాటిని పట్టి ఉంచడం మరీ కష్టం. నోట్లో ఎప్పుడూ తడే కాబట్టి వాటి తాడు ఏళ్ల తరబడి నెమ్మదిగా నానుతుంది, పైపొర గరుకెక్కుతుంది. అరగంటలో కాల్చే పద్ధతులూ ఉన్నాయి గానీ, వాటికోసమే చేసిన డిస్కులకు, కొలిమిలకు. ఆ ప్రోగ్రాం నీ పాత కొలిమిలో కొట్టు.

కొలిమి మారితే ఏమవుతుందిలే అంటావా? ఫ్రాన్స్‌లో తుంటికీలు కోసం ప్రోజైర్ అనే జిర్కోనియా బంతులు చేసేవారు. 1998లో బ్యాచ్ కొలిమి వదిలి టన్నెల్ కొలిమికి మారారు. కాల్చే తీరు మారింది, అంతే. రోగుల ఒంట్లో బంతులు వందల్లో విరిగాయి, 2001లో సరుకు వెనక్కి పిలిపించారు. శరీరంలో వాడే జిర్కోనియాను 134 డిగ్రీల ఆటోక్లేవ్‌లో ఐదు గంటలు ఉంచి, మోనోక్లినిక్ 25 శాతం దాటకూడదని చూసే ప్రమాణం ఒకటుంది. అక్కడ ఒక్క గంట అంటే ఒంట్లో రెండు మూడేళ్లకు పైనే అని లెక్క. ఇలాంటి విషయాలు కస్టమర్ల ముందు ఎత్తకు.

క్యాపు బిగువైతే డాక్టరునే నీళ్లు పోయకుండా డైమండ్ బర్‌తో అరగదీయమను. వేడికి సన్న పగుళ్లు వస్తాయి, నేరం క్లినిక్‌దవుతుంది.

విరిగి తిరిగొస్తే పీతను తిట్టు. ముక్కలు మాత్రం గమ్మున పారెయ్. హైదరాబాద్ బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ లాంటి పదార్థ పరిశోధన సంస్థలున్నాయి. విరిగిన అంచును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టారంటే, స్ఫటికాల సైజు, మిగిలిన రంధ్రాలు, పగులు మొదలైన చోటు అన్నీ కనబడతాయి. అప్పుడు పీత కేసు కొట్టేస్తారు.