మినిమం 300: టీకా తాత్పర్య సహితం

మూలం: “ఇన్నోవా 6+1. కి.మీ. 20. మినిమం 300 పర్ డే. బత్తా 500. టోల్ పార్కింగ్ పర్మిట్ ఎక్స్‌ట్రా. షెడ్ టు షెడ్.”

ఈ గ్రంథం తాళపత్రాల్లో దొరకదు, వాట్సాప్‌లో దొరుకుతుంది. కర్త ట్రావెల్స్ ఆయన. పిల్లలకు సెలవులిచ్చారని, హైదరాబాదు నుంచి ఇంటిల్లిపాదినీ శ్రీశైలం తీసుకెళ్ళి ఒక రాత్రి ఉండి రావాలనుకున్న గృహస్థు దీనికి శ్రోత. అంకెలు మచ్చుకు మాత్రమే. బండిని బట్టి, బేరాన్ని బట్టి, కార్తీకమాసాన్ని బట్టి అవి మారతాయి. వ్యాకరణం మారదు.

మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్యానం రాశాడు. కొటేషన్ మీద వ్యాఖ్య రాసేవాడు ఆ ఒట్టు పెట్టుకుంటే కుటుంబం మునుగుతుంది. ఇక్కడ డబ్బంతా మూలంలో లేనిదానిలోనే ఉంది.

ప్రతిపదార్థం. ఇన్నోవా = 2005లో క్వాలిస్ పోయి దాని చోట వచ్చిన టయోటా బండి. గృహస్థు దీన్ని 2016లో వచ్చిన క్రిస్టాగా అన్వయించుకుంటాడు, కర్త మనసులో పాత బండి ఉంటుంది. మోడలూ, సంవత్సరమూ అడగనిదే ఈ శ్లేష విడదు. 6+1 = ఆరుగురు ప్రయాణికులు, ఒక డ్రైవరు. “సెవెన్ సీటర్ కదా” అని బావమరిదిని కూడా రమ్మన్నవాళ్ళు ఈ కూడిక గుర్తును చదవలేదన్నమాట. కి.మీ. 20 = ఇరవై రూపాయలు, అయితే దీనికింకా ఆకాంక్ష తీరలేదు. ఎన్ని కిలోమీటర్లకు? నడిచినవాటికా, నడవనివాటికా? సమాధానం తరువాతి పదంలో ఉంది.

మినిమం 300 పర్ డే. ఈ కావ్యానికి ఆయువుపట్టు ఇదే. బండి కదిలినా కదలకపోయినా రోజుకు మూడువందల కిలోమీటర్లకు లెక్క కట్టాల్సిందే. హైదరాబాదు నుంచి శ్రీశైలం సుమారు 215 కిలోమీటర్లు, రానూపోనూ 430. శనివారం వెళ్ళి ఆదివారం తిరిగొస్తే రెండు రోజులు కాబట్టి లెక్కకొచ్చేవి 600. నడిచినదానికి 8,600 కావలసింది 12,000 అయి కూర్చుంటుంది. సత్రం దగ్గర వేపచెట్టు కింద నిలబడి ఉన్న బండి 170 కిలోమీటర్లు తిరిగిందన్నమాట. ఆలంకారికులు దీన్ని అతిశయోక్తి అంటారేమోగానీ ట్రావెల్స్ వాళ్ళు బిల్లు అంటారు.

ఇక “డే” అనే శబ్దం. కొందరి దగ్గర ఇది బయలుదేరిన గంట నుంచి ఇరవైనాలుగు గంటలు. చాలామంది దగ్గర అర్ధరాత్రి పన్నెండు నుంచి అర్ధరాత్రి పన్నెండు. ఈ రెండో అర్థం తెలియని గృహస్థు, శుక్రవారం రాత్రి పదకొండుకు బయలుదేరితే తెల్లారేసరికి మల్లన్న సన్నిధిలో ఉంటామని ప్లాను వేస్తాడు. ఒక గంట గడిచేసరికి తేదీ మారుతుంది, శుక్రవారం ఖాతాలో ఒక పూర్తి రోజు పడుతుంది. మూడు రోజులు, 900 కిలోమీటర్లు, 18,000 రూపాయలు. ఆ ఒక్క గంట ఖరీదు ఆరువేలు, బత్తా అదనం.

పోనీ తొందరగా చేరతాడా అంటే అదీ లేదు. నల్లమలలో పులుల అభయారణ్యం దారి రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసి ఉంటుంది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర అర్ధరాత్రి దాటాక చేరి, బామ్మగారు వెనక సీట్లో నడుం వాల్చలేక, పిల్లలు చలికి ముడుచుకుని, ఆరింటి దాకా గేటు కేసి చూస్తూ ఉండాలి. అదే శనివారం తెల్లవారుజామున నాలుగింటికి కదిలితే బండి ఇంచుమించు గేటు తీసే వేళకు అక్కడుంటుంది. ఆరువేలు ఇంట్లో ఉంటాయి, నిద్ర కూడా.

అన్వయాంతరం: నాలుగింటికి బయలుదేరి, దర్శనం చేసుకుని, రాత్రి తొమ్మిదిలోపే అడవి దాటగలిగితే ఒక్కరోజే. అప్పుడు 430 కిలోమీటర్లకు 8,600, ఒక బత్తా. మామూలు పనిదినాన ఇది కుదరవచ్చు. కార్తీక సోమవారం క్యూ చూసినవాళ్ళెవరూ ఈ అన్వయాన్ని ఒప్పుకోరు. రాత్రి ఉండక తప్పనప్పుడు, ఎలాగూ డబ్బు కట్టిన ఆ 170 కిలోమీటర్లలో సాక్షి గణపతీ, శిఖరమూ, తిరుగుదారిలో మల్లెలతీర్థమూ చూసి రావడం ఉత్తమం. “లోకల్ తిప్పితే వేరే సార్” అని డ్రైవరు అంటే మూలం చూపించాలి. వేరే అన్న మాట అందులో లేదు.

పాఠాంతరం: “కి.మీ. 21. మినిమం 250.” మరో ట్రావెల్స్ ప్రతిలో ఈ పాఠం కనబడుతుంది. ఇరవై ఒకటి చూడగానే గృహస్థు ఫోన్ పక్కన పెట్టేస్తాడు. తొందరపాటు. శ్రీశైలానికి రెండు రోజులంటే 500 కిలోమీటర్లు, 10,500. ఇరవై రూపాయల బండి కన్నా పదిహేనువందలు తక్కువ. తిరుపతికైతే కథ తిరగబడుతుంది. ఒకవైపే సుమారు 560 కిలోమీటర్లు కాబట్టి మూడు రోజుల ప్రయాణంలో మినిమం ఎలాగూ దాటిపోతుంది, అక్కడ ఇరవై రూపాయల పాఠమే గ్రాహ్యం. దగ్గరి ఊరికి మినిమం చూడాలి, దూరానికి రేటు చూడాలి. ఈ ఒక్క సంగతి పట్టుకోకుండా పది ట్రావెల్స్‌కు ఫోన్ చేసినా పదిసార్లు అదే తప్పు చేసినట్టు.

బత్తా = డ్రైవరు తిండికీ పడకకూ. దీనిమీద బేరం చేసేవాళ్ళను వ్యాఖ్యాత పట్టించుకోడు.

టోల్ పార్కింగ్ పర్మిట్ = ద్వంద్వ సమాసం. ఎక్స్‌ట్రా = అవ్యయం, వ్యయమంతా దీనివల్లే. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కాబట్టి టోల్ ఎంత పడిందో తెలిపే మెసేజ్ యజమాని ఫోన్‌కు వెళుతుంది, గృహస్థుకు కాదు. అదే జాతీయ రహదారి టోల్‌గేటు మీదుగా ఇరవైనాలుగు గంటల్లో తిరిగొస్తే రెండూ కలిపి ఒకటిన్నర రెట్లే. రెండింతలు లెక్క చెబితే ఆ మెసేజ్‌లు ఒకసారి చూపించమనాలి. పర్మిట్ అనే మాటకు 2014 జూన్ 2కు ముందు ఈ దారిలో అర్థమే లేదు. ఇప్పుడు కృష్ణ దాటితే వేరే రాష్ట్రం. ఆలిండియా టూరిస్టు పర్మిటు ఉన్న బండికి మాత్రం ఇది పునరుక్తి దోషం, చెల్లించనక్కర్లేదు.

షెడ్ టు షెడ్ = మీటరు గృహస్థు ఇంటి దగ్గర కాదు, బండి షెడ్డులో మొదలవుతుంది. ఇల్లు కూకట్‌పల్లిలో, షెడ్డు ఎల్బీనగర్‌లో ఉంటే ఊరు దాటకముందే ఊరంత తిరిగినట్టు. రెండు రోజుల శ్రీశైలంలో ఇది మినిమంలో కలిసిపోతుంది, తిరుపతికి కలవదు.

పూర్వపక్షం: “తెలిసినాయన సొంత బండి ఉంది, పదిహేనుకే వస్తాడు.” సమాధానం: పసుపు పలక మీద నల్ల అక్షరాలుంటే టాక్సీ, నల్ల పలక మీద పసుపు అక్షరాలుంటే సెల్ఫ్ డ్రైవ్ అద్దె బండి. తెల్ల పలక సొంతానికి. దాన్ని కిరాయికి తిప్పితే పట్టుబడినప్పుడు జరిమానా, ప్రమాదం జరిగితే బీమా కంపెనీతో పేచీ. ఘాట్ రోడ్డు మీద మిగిల్చుకోవలసిన ఐదు రూపాయలు కావవి.

అధ్యాహారం: “ఘాట్‌లో ఏసీ ఆఫ్.” మూలంలో లేదు, బండి ఎక్కాక వినబడుతుంది.

ఇదంతా చదువుకున్న గృహస్థు రెండో ట్రావెల్స్‌కు మెసేజ్ పెట్టాడు: “అన్నా, శనివారం పొద్దున నాలుగింటికి. రీడింగ్ ఫొటో మా ఇంటి దగ్గర. ఏసీ ఘాట్‌లో కూడా. ఫైనల్ ఎంత?”

జవాబు వెంటనే వచ్చింది: “చూసి వేద్దాం సార్.”

వ్యాఖ్యాత మళ్ళీ కలం తీశాడు. చూసి =