ఇరవై ఒక్క గజాల కబ్జా

హైదరాబాదులో నేల ఖాళీగా కనబడటమే నేరం. చెరువైతే పూడుస్తాం, నాలా అయితే మూస్తాం, పార్కు కోసం వదిలిన స్థలమైతే రాత్రికి రాత్రి రేకుల షెడ్డు లేపుతాం. అలాంటిది షాపింగ్ మాల్ సెల్లార్లో, సరిగ్గా లిఫ్టుకు ఎదురుగా, నీలం రంగు వేసిన జాగా ఒకటి దిక్కూమొక్కూ లేకుండా పడి ఉంటే ఊరుకుంటామా?

నిబంధనల ప్రకారం దాని వెడల్పు 3.6 మీటర్లు, పొడవు 5 మీటర్లు. మన లెక్కలో 21 గజాల పైచిలుకు. రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు, లింకు డాక్యుమెంట్లు అక్కర్లేదు, హ్యాండ్‌బ్రేక్ లాగితే స్వాధీనం పూర్తి. నేల మీద చక్రాల కుర్చీ బొమ్మ ఉంటుంది కదా అంటారా? బండి పెట్టాక అది ఇంజన్ కింద ఉంటుంది. ఎవరికి కనబడుతుంది?

ఆ బొమ్మను 1968లో సుసాన్ కోఫోయెడ్ అనే డెన్మార్క్ విద్యార్థిని గీసింది. ఆమె గీసినప్పుడు కుర్చీలో మనిషికి తల లేదు. కార్ల్ మోంటాన్ అనే ఆయన తర్వాత ఒక గుండ్రటి తల తగిలించాడు. బొమ్మకు తల వచ్చి యాభై ఏళ్లు దాటింది. దాని మీద బండి పెట్టేవాళ్ల విషయంలోనే పని ఇంకా పెండింగులో ఉంది.

మా మేనత్త కొడుక్కి చిన్నప్పుడు పోలియో వచ్చింది. బ్రేకు, యాక్సిలరేటరు చేత్తో నడిపేలా మార్పించుకున్న కారులో ఊరంతా తిరుగుతాడు. నేను బావ పక్కన కూర్చునేది సాయానికి కాదు, వినోదానికి. మామూలు పార్కింగ్ గడి వెడల్పు రెండున్నర మీటర్లు. అందులో మనం పొట్ట లోపలికి లాక్కుని, తలుపు సందులోంచి జారి బయటపడతాం. బావకు ఆ విద్య కుదరదు. ఆయన తలుపు బార్లా తెరవాలి, మడత కుర్చీ కిందికి దించాలి, విప్పాలి, సీటు మీంచి దాని మీదికి జరగాలి. గడిలో అదనంగా ఉన్న ఆ మీటరు చోటు ఇందుకే. లిఫ్టు దగ్గర కావడం తర్వాతి మాట.

దిగడం ఒక ఘట్టమైతే, ఎక్కడం మరో ఘట్టం. నీలం గడి దొరకక మామూలు చోట పెట్టి సినిమాకు వెళ్తే, వచ్చేసరికి పక్కన ఎవరో అతుక్కుపోయి ఉంటారు. మైకులో బండి నంబరు పిలిపిస్తాం. ఆ బండి ఆసామి ఫుడ్‌కోర్టులో బిర్యానీ అయ్యాక, ఫలూదా కూడా ముగించి, చేతులు తుడుచుకుంటూ వస్తాడు. బావ అవస్థ చూసి "అయ్యో" అంటాడు. ఆ "అయ్యో"లో కల్తీ ఉండదు, పూర్తిగా మనస్ఫూర్తి. మర్నాడు మళ్లీ అలాగే పెడతాడు.

ఇన్నేళ్ల అనుభవంతో బావ కబ్జాదారులను తరగతులుగా విడదీశాడు. మొదటివాడు రెండు నిమిషాలవాడు. కారు నాలుగు మూలలా పసుపు దీపాలు మినుకుమనిపిస్తే ఎక్కడైనా ఆపొచ్చని ఇతని నమ్మకం. వెళ్లేటప్పుడు "టూ మినిట్స్ బాస్" అంటాడు, వచ్చేటప్పుడు రెండు చేతులా సంచులతో, నోట్లో పార్కింగ్ స్లిప్పుతో వస్తాడు.

రెండోవాడు ఖాళీవాది. "పొద్దుట్నుంచి ఎవరూ రాలేదు కదండీ, ఊరికే పడుందని పెట్టా" అంటాడు. ఊళ్లో ఎక్కడా నిప్పంటుకోలేదు కదా అని ఫైరింజన్లో కొబ్బరికాయల లోడు వేస్తామా? ఖాళీగా ఉండటమే ఆ జాగాకు ఉద్యోగం. మన నగరంలో డ్యూటీ ఎగ్గొట్టాలనుకోకపోయినా బలవంతంగా ఎగ్గొట్టిస్తున్న ఉద్యోగి అదొక్కటే.

మూడోవాడు వేదాంతి. "లోపం లేనివాడు ఎవడండీ లోకంలో" అని మొదలెట్టి షుగరు, మోకాళ్లు, నడుంనొప్పి దాకా వస్తాడు. ఒకాయన గుండె మీద చెయ్యేసుకుని "నాకు బీపీ అండీ" అన్నాడు. బావ ఆయన కారు వంక, తన కుర్చీ వంక చూసి, "నాకూ ఇప్పుడే వచ్చిందండీ" అన్నాడు.

నాలుగోవాడి గురించి చెప్పేదేం లేదు. అతని సంగతంతా అద్దం మీది స్టిక్కరే చెబుతుంది.

కొన్నిచోట్ల జనానికి ఆ శ్రమ కూడా ఉండదు, యాజమాన్యమే ముందుగా ఆక్రమించేస్తుంది. పూలకుండీలు, వ్యాలే పార్కింగ్ కుర్రాళ్ల కుర్చీలు, పెయింటు డబ్బాలు, లక్కీ డ్రాలో ఇచ్చే కారు. మధ్యలో సెక్యూరిటీ అన్న నలిగిపోతుంటాడు. చేతిలో విజిల్ ఉంది గానీ, కోటి రూపాయల బండి ముందు అది మోగదు. ఓసారి బావ కిటికీ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "జర మీరే అడ్జస్ట్ చేస్కోండ్రి సార్, వాళ్లు పెద్దోళ్లు" అన్నాడు. "నేను చిన్నోణ్ణే తమ్మీ, గడే పెద్దది కావాలి" అన్నాడు బావ.

అదే సెక్యూరిటీ అన్న, కృత్రిమ కాలు పెట్టుకున్న ఒకావిణ్ణి మాత్రం "మంచిగనే నడుస్తున్నరు కద మేడం" అని ఆపేశాడు. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే, 2016 చట్టంలో అవి 21 అయ్యాయి. వాటిలో చాలావాటికి కుర్చీ ఉండదు, చూస్తే తెలియవు. బావ దాన్ని ఒక్క ముక్కలో తేల్చాడు: "నాకు కుర్చీ ఉంది కాబట్టి జాలిపడతారు, ఆవిడకు లేదు కాబట్టి నమ్మరు. జాగా మాత్రం ఇద్దరికీ ఇవ్వరు."

చట్టం లేక కాదు. ఆ 2016 చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల దాకా, మళ్లీ చేస్తే యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా ఉంది. అది సెల్లార్ మెట్లు దిగి రావడం మాత్రం మా బావ ఇంకా చూడలేదు.

జరిమానా దిగొస్తే ఏమవుతుందో మా బంధువొకాయన డల్లాస్‌లో చూశాడు. ఇక్కడ నీలం గడి తన పిత్రార్జితమనుకునే ఆ పెద్దమనిషి, కొడుకు దగ్గరికి వెళ్లినప్పుడు, ఎర్రటి ఎండలో పార్కింగ్ లాటు ఆ చివర దిగి దుకాణం దాకా నడిచాడు. టెక్సాస్‌లో మొదటి తప్పుకే 500 నుంచి 750 డాలర్లు. రూపాయల్లోకి మార్చి చూసుకునేసరికి ఆయనలో మానవత్వం పొంగిపొర్లింది. తిరుగు విమానంలో అది తూకం ఎక్కువై అక్కడే దింపేసినట్టున్నారు.

అలాగని అక్కడివాళ్లంతా ధర్మరాజులేం కాదు. 1999లో లాస్ ఏంజెలిస్‌లో యూసీఎల్‌ఏ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు డజను మందికి పైగా, డాక్టర్ల దొంగ సంతకాలతో వికలాంగుల పార్కింగ్ కార్డులు సంపాదించి ముద్దాయిలుగా కోర్టు మెట్లెక్కారు. బంతి పట్టుకుని మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికేవాళ్లు, కారు దగ్గర్నుంచి క్లాసు దాకా నడవలేకపోయారన్నమాట.

ఆ కథ విన్నప్పుడే బావకు ఉపాయం తట్టింది. ఓ మాల్ మేనేజరును పట్టుకుని చెప్పాడు. "ఈ గడిని మూడో సెల్లార్లో ఆ మూలకు మార్చండి. వెడల్పు మాత్రం తగ్గించకండి. ఒక్కడు పెడితే అడగండి. నాకు చక్రాలున్నాయి, ఎంత దూరమైనా పోతాను. నడవలేకపోతున్నది కాళ్లున్నవాళ్లే."

ఇది వెక్కిరింపని మేనేజరుకు తోచలేదు. "సూపర్ ఐడియా సార్" అని ఫోన్లో రాసుకోబోయాడు. బావ కంగారుపడి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. గుమ్మానికి 30 మీటర్లలోపే ఉండాలని నిబంధన పెట్టింది చంకకర్రలతో, కృత్రిమ కాళ్లతో వచ్చేవాళ్ల కోసమని చెప్పి, రాసుకున్నది చెరిపించాడు. మేనేజరు చెరిపేసి, ఎంతో దయగా అడిగాడు: "పోనీ, మీరు వచ్చే ముందు ఒక్క ఫోన్ కొట్టండి సార్, ఖాళీ చేయిస్తాం."

"నేను ఫోన్ చేస్తాను గానీ, ముందు బండి పెట్టేవాళ్లు చెయ్యాలి కదండీ" అన్నాడు బావ, "నేను రావడం లేదు కదా అని కనుక్కోవడానికి."