ఇంటి గుట్టు ఊరికి చెప్పండి

ఇంట్లో సంపాదించే మనిషి మంచం పడితే చుట్టాలూ ఇరుగుపొరుగూ ఇచ్చే సలహాలు ఎక్కడైనా ఒకటే. నలుగురికీ తెలియనివ్వొద్దు. బంగారం జోలికి పోవద్దు. ఉద్యోగానికి మర్యాదగా రాజీనామా ఇచ్చి వచ్చేయండి. ఆయన ముందు డబ్బు మాట ఎత్తొద్దు. పిల్లల చెవిన వేయొద్దు. ఇవన్నీ ప్రేమతో చెప్పే మాటలే. వీటిని నమ్మి మునిగిపోయిన ఇళ్ళు తిరువూరు చుట్టుపక్కల ఏ ఊళ్ళో అడిగినా చూపిస్తారు. అందుకే ఇక్కడ రాసినవన్నీ వాటికి ఎదురు సలహాలు. చదవగానే తలకిందులుగా, కొన్నిచోట్ల మొరటుగా కూడా అనిపిస్తాయి. ఒక్కటి కూడా మాటవరసకు రాసింది కాదు.

అన్నిటికంటే ముందు, ఊరికి చెప్పండి. మామిడికాయల కోతకు చెట్టెక్కి పడి నడుం విరిగినా, తాడి మీంచి జారినా, జగదల్‌పూర్ రోడ్డు మీద లారీ తోలుతూ కాలు పోగొట్టుకున్నా, పక్షవాతం వచ్చినా, వారం తిరక్కముందే చెప్పాల్సిన వాళ్ళందరికీ చెప్పేయండి. కిరాణా కొట్టాయనకు, పాలాయనకు, బడికి, డ్వాక్రా సంఘానికి, అప్పిచ్చిన ప్రతివాడికీ చెప్పండి. "మా ఆయన ఆరు నెలలు పనిలోకి పోలేడు. నెలకు ఇంతకంటే కట్టలేను" అని అంకెతో సహా చెప్పండి.

పరువు పోతుందంటారు. నా మాట వినండి, ఆ పరువే మీ కొంప ముంచుతుంది. చేతిలో కాగితం లేకుండా, తాకట్టు లేకుండా అప్పిచ్చేవాడు దేన్ని నమ్ముకుని ఇస్తున్నాడు? ఇంటి ముందు నిలబడి అరిస్తే మీరు సిగ్గుతో చచ్చిపోతారన్న నమ్మకంతోనే ఇస్తున్నాడు. మన ప్రాంతానికి ఇది కొత్త పాఠం కాదు. తిరువూరు అప్పటికి కృష్ణా జిల్లాలో ఉంది. 2006 మార్చిలో ఆ జిల్లా యంత్రాంగం వడ్డీలు, వసూళ్ళ తీరు మీద ఫిర్యాదులు వచ్చాయని రెండు సూక్ష్మ రుణ సంస్థల శాఖలు ఏభై దాకా మూయించింది. ఒకరు వారం కిస్తీ కట్టకపోతే గ్రూపులో మిగతా ఆడవాళ్ళే వెళ్ళి ఆ గుమ్మం ముందు కూర్చోవడం అప్పటి పద్ధతి. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ రుణాల మీద ఆర్డినెన్సు తెచ్చేనాటికి ఆత్మహత్యల దాకా వచ్చింది. 2015 డిసెంబరులో విజయవాడలో అధిక వడ్డీల కాల్‌మనీ వ్యవహారం బయటపడినప్పుడూ అంతే. అప్పు తీసుకున్న ఆడవాళ్ళను భయపెట్టిన ఆయుధం ఊళ్ళో తలెత్తుకోలేమన్న బెంగే. పేర్లు మారాయి, వడ్డీలు మారాయి, తాకట్టు మాత్రం ప్రతిసారీ పరువే. ఆ తాకట్టును మీ అంతట మీరే విడిపించుకోండి. ఊరందరికీ తెలిసిన సంగతిని బయటపెడతానని ఎవడూ బెదిరించలేడు.

ఇంకోటి కూడా తెలుసుకోండి. 2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాల ప్రకారం సూక్ష్మ రుణాల వసూలుకు ఉదయం 9 గంటల ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోను చేయకూడదు. బూతులు మాట్లాడకూడదు. ముందు అనుకున్న చోటే వసూలు చేసుకోవాలి, వరసగా రెండుసార్లు ఆ చోటికి రాకపోతేనే ఇంటికి రావాలి. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి అన్ని కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటేలా అప్పు ఇవ్వకూడదు. ఆదాయమే పడిపోయిందని మీరు నోరు తెరిచి చెబితేనే ఈ నియమాలు మీకు పనికొస్తాయి. రహస్యం దాచుకున్నవాళ్ళకు ఏ నియమమూ అడ్డు నిలవదు.

బంగారం సంగతి. ఆఖరి దాకా దాచుకోవాలని పెద్దవాళ్ళు చెబుతారు. నేను మొదటే తీయమంటాను. సాధారణంగా జరిగేదేమిటంటే, ఆస్పత్రి ఖర్చుకు ముందు తెలిసినవాళ్ళ దగ్గర నూటికి మూడు రూపాయలకు తెస్తారు. అది చాలక వారాల వడ్డీకి తెస్తారు. ఆ కిస్తీ కట్టడానికి డైలీ ఫైనాన్సు తీసుకుంటారు. ఏడాది గడిచాక, దారులన్నీ మూసుకుపోయాక, గొలుసు తీసి అమ్ముతారు. ఆ డబ్బు వడ్డీలకే సరిపోతుంది, అసలు అలాగే ఉంటుంది.

లెక్క వేసి చూడండి. రెండు లక్షలకు నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 6,000. అదే రెండు లక్షలు బ్యాంకులో బంగారం మీద ఏడాదికి 10 శాతం వడ్డీకి తెస్తే నెలకు 1,700 కూడా దాటదు. మన రాష్ట్రంలో వైకల్య పింఛను ఇప్పుడు నెలకు 6,000. ప్రభుత్వం ఒకటో తారీకున ఇంటికి తెచ్చి ఇచ్చే ఆ 6,000 అటునుంచి అటే వడ్డీ వ్యాపారి గల్లాలో పడుతుంటే, గొలుసు బీరువాలో భద్రంగా ఉండి ఏం లాభం?

డైలీ ఫైనాన్సు లెక్క ఇంకా ఘోరం. చేతికి 9,000 ఇస్తారు, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టించుకుంటారు. పోయేది వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ రోజూ అసలు కరిగిపోతూ ఉంటుంది కాబట్టి సగటున మన చేతిలో ఉండేది 4,500. దాని మీద వంద రోజులకు వెయ్యి అంటే, ఏడాది మీద చూస్తే నూటికి 80 రూపాయలు.

కాబట్టి అప్పు తీర్చడానికి అప్పు చేయండి. అవును, అందరూ చేయొద్దనే పనే. పుస్తెలు పక్కన పెట్టి, మిగతా బంగారం బ్యాంకులో పెట్టి, ముందు డైలీ వాడిది, తర్వాత వారాలవాడిది, ఆ తర్వాత మూడు రూపాయలవాడిది మూసేయండి. బ్యాంకు బంగారం విలువలో ఎంతవరకు ఇస్తానంటే అంతా తెచ్చుకోవద్దు, తీర్చాల్సినంతే తెచ్చుకోండి. చిన్న వస్తువు ఒకటి అమ్మేస్తే పని జరిగేటట్టుంటే అమ్మేయండి. మూసిన ప్రతి అప్పుకూ ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకుని, కళ్ళెదుటే చింపించండి. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళకు ముందు కట్టడం అందరూ చేసే పని. అరుపును బట్టి కాక వడ్డీని బట్టి కట్టండి.

వైకల్యం ఎంతో తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్టు దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. "ఆరు నెలల్లో లేచి తిరుగుతాడు, ఇప్పుడు వికలాంగుడని రాయించడం అపశకునం" అంటూ ఏడాదీ రెండేళ్ళూ గడిపేస్తారు. ఆశ వదులుకోమని నేను అనను. ఆశ ఉంచుకునే దరఖాస్తు పెట్టండి. సచివాలయంలో స్లాటు తీసుకోండి. వైకల్యం 40 శాతం ఉంటే పింఛనుకు అర్హత వస్తుంది. తగ్గే అవకాశం ఉన్నవాళ్ళకు తాత్కాలిక సర్టిఫికెట్టు కూడా ఇస్తారు. 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద వైకల్యానికి 6,000, పక్షవాతంతోనో ప్రమాదంతోనో పూర్తిగా మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమైనవారికి 15,000, డయాలసిస్ మీద ఉన్న కిడ్నీ రోగులకు 10,000 నిర్ణయించారు. ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను కుదేలు చేసిందో తిరువూరు నియోజకవర్గంలో తెలియనివాళ్ళు లేరు. అక్కడ రోగి ఒక్కడే పని మానడు. డయాలసిస్‌కు వెంట వెళ్ళే భార్య కూలి కూడా పోతుంది. ఇద్దరి కూలీ పోయిన ఇంటికి ఆ 10,000 ఒక నెల ఆలస్యమైనా పెద్ద దెబ్బే.

ఆస్పత్రి కాగితాలన్నీ, ఎక్స్‌రేలతో సహా, ఒక ఫైలులో పెట్టండి. 2025లో వైకల్య పింఛన్లు మళ్ళీ పరిశీలించినప్పుడు చాలామందికి నోటీసులు వచ్చాయి, అలాంటప్పుడు పాత కాగితాలే ఆధారం. పని కాకపోతే సోమవారం ఆర్డీవో కార్యాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. తిరువూరు రెవెన్యూ డివిజన్ కేంద్రం కాబట్టి దానికి విజయవాడ దాకా పోనక్కర్లేదు.

హైదరాబాదులోనో విజయవాడలోనో కంపెనీలో చేరి, జబ్బు చేసి ఊరికి వచ్చినవాళ్ళకు ఒకటే మాట: రాజీనామా ఇవ్వకండి. పని చేయకుండా కంపెనీలో పేరుంచుకోవడం నామోషీ అనుకుంటారు. జీతం 21,000 లోపుండి ఈఎస్‌ఐ కోత పడుతూ ఉంటే, అర్హతను బట్టి ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. జాబితాలో ఉన్న దీర్ఘ రోగాలైతే 80 శాతం చొప్పున రెండేళ్ళ దాకా సాగుతుంది. ఆ సాయం తీసుకుంటున్న కాలంలో ఉద్యోగంలోంచి తీసేయడానికి చట్టం తేలిగ్గా ఒప్పుకోదు. మీరే రాజీనామా రాసిస్తే ఆ రక్షణ మీ చేత్తో మీరే తీసేసుకున్నట్టు.

డ్యూటీలో దెబ్బ తగిలిన డ్రైవర్లు, క్లీనర్లు యజమాని ఆస్పత్రికి కట్టిన డబ్బుతో రాజీపడి తెల్లకాగితం మీద సంతకం చేస్తున్నారు. చేయకండి. పనిలో తగిలిన దెబ్బకు నష్టపరిహారం అడిగే హక్కు 1923 నుంచీ చట్టంలో ఉంది. మోటారు వాహనాల చట్టం కింద కూడా అడగవచ్చు, అయితే రెండింట్లో ఒక దారే ఎంచుకోవాలి. రెండో దానికి సవరణలో ఆరు నెలల గడువు పెట్టారు కాబట్టి తాత్సారం పనికిరాదు. "యజమాని మంచోడు, కోర్టుకెక్కితే బాగుండదు" అని ఆగుతారు. చాలాసార్లు ఆ డబ్బు యజమాని జేబులోంచి కాక బీమా కంపెనీ నుంచే వస్తుంది. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. 15100కు ఫోను చేస్తే చాలు.

బ్యాంకు పుస్తకంలో ఏడాదికోసారి 20 రూపాయలు ఎందుకు కోశారో చూడండి. అది ప్రధానమంత్రి సురక్షా బీమా కావచ్చు. ప్రమాదంలో రెండు కాళ్ళు పోతే 2 లక్షలు, ఒక కాలు పోతే లక్ష వస్తుంది. చావుకు మాత్రమే అనుకుని వదిలేసినవాళ్ళు చాలామంది.

ఇక ఇంట్లో సంగతులు. మంచాన పడ్డ మనిషి ముందు డబ్బు మాట ఎత్తొద్దనడం నాకు అర్థం కాదు. ఆయనకు కాళ్ళు పడిపోయాయి, బుర్ర పడిపోలేదు. లెక్కల పుస్తకం ఆయన చేతికే ఇవ్వండి. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఏ తారీకున, ఏ ఆఫీసులో దరఖాస్తు ఎక్కడ ఆగింది, అన్నీ ఆయనే రాయాలి. సచివాలయానికి, ఆస్పత్రికి ఫోన్లు ఆయనే చేయాలి. పత్తి తీతకు, మిరపకాయ కోతకు తెల్లారకముందే ఆటో ఎక్కే ఆవిడకు రాత్రి వచ్చి ఈ పనులు కూడా చేసే ఓపిక ఉండదు. దాచిపెట్టిన అప్పు కంటే తెలిసిన అప్పుతో ఆయనకు నిద్ర బాగా పడుతుంది. ఆయన సంతకం చేయలేకపోతే బ్యాంకులో వేలిముద్రతో డబ్బు తీసుకునే వీలుంది. ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి. మంచం పట్టింది ఆవిడైతే ఈ లెక్కంతా అటూ ఇటూ అవుతుందే గానీ మారదు. "ఆడమనిషి కూలే కదా పోయింది" అనేవాళ్ళు నాలుగు నెలల మిరప కోతల డబ్బు ఆ ఇంట్లో దేనికి ఖర్చవుతుందో ఒకసారి అడగాలి.

తిండి దగ్గర నా సలహా అందరికంటే మీ అత్తగారికి నచ్చదు. గుడ్డు ఒక్కటే ఉంటే పనికి పోయే మనిషి తినాలి. మనిళ్ళలో రోగికి, తర్వాత పిల్లలకు పెట్టి, మిగిలితే ఆవిడ తింటుంది. డాక్టరు ప్రత్యేకంగా చెప్పిన పథ్యం రోగికి తప్పకుండా పెట్టాల్సిందే. కానీ ఇల్లంతా ఇప్పుడు ఆ ఒక్క ఒంటి మీద నిలబడి ఉంది. ఆవిడ నడుం నొప్పికి, రక్తహీనతకు మందు ఆయన మందులతో పాటే కొనండి. ఆవిడ కూడా పడిపోతే అప్పిచ్చేవాడు కూడా దొరకడు.

పిల్లలకు చెప్పండి. పదేళ్ళ పిల్లకు ఎలాగూ తెలిసిపోయి ఉంటుంది, భయమే మిగిలి ఉంటుంది. చెప్పి, బడి మాత్రం మానిపించకండి. పెద్దాడు పదో తరగతి ఆపి షెడ్డులో చేరితే వచ్చే నాలుగు వేలు ఈ ఏడాది కనిపిస్తాయి, వాడు పోగొట్టుకున్నది తర్వాతెప్పటికీ పూడదు. కౌలు చేస్తున్నవాళ్ళు వచ్చే పంటకు కౌలు కార్డు ఆవిడ పేరున రాయించమని భూమి ఆసామిని ఇప్పుడే అడగండి. మంచంలో ఉన్న మనిషి పేరున కార్డు పెట్టుకుని సంతకాల కోసం తిప్పలు పడొద్దు.

పెళ్ళిళ్ళ సంగతి చివర చెబుతున్నాను గానీ చిన్నదేం కాదు. మాఘమాసం వచ్చిందంటే చదివింపులకే ఐదారు వేలు అయిపోతాయి. మొహం చెల్లక పెళ్ళికే పోవడం మానేస్తారు. మానకండి. పిలిచిన ప్రతి పెళ్ళికీ వెళ్ళండి, భోజనం చేయండి, చదివింపులు మాత్రం రాయించకండి. "మా పరిస్థితి తెలుసుగా అక్కా, ఈ ఏడాది రాయించడం లేదు" అని పెళ్ళిపెద్దతో ముందే చెప్పేయండి. కూలి పని ఎక్కడుందో, ఏ ఆసామికి మనుషులు కావాలో, ఏ ఆఫీసులో ఎవరు మంచిగా మాట్లాడతారో తెలిసేది ఆ బంతిలోనే. ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నవాళ్ళకు ఆ కబురు రాదు.