ఉప్మా పెడితే దేశం దివాలా

బడిపిల్లలకు పొద్దున్నే టిఫిన్ పెడితే దేశం చెడిపోతుందట. ఈ మాట అన్న పెద్దమనిషి ఓ హోటల్లో, గది అద్దెతో పాటు వచ్చే అల్పాహారంలో మూడో పెసరట్టు ముందేసుకుని కూర్చున్నారు. "ఉచితాలు అలవాటు చేస్తే సోమరిపోతులవుతారండీ" అంటూ ఇంకాస్త అల్లం పచ్చడి వేయించుకున్నారు. ఆయన తినేది ఉచితం కాదు, కాంప్లిమెంటరీ.

ఆయన భయం నాకు అర్థమైంది. రెండో తరగతి పిల్ల ఇవాళ ఉప్మా తింటే రేపు పొంగల్ అడుగుతుంది. ఎల్లుండికి ఎక్కాలు కూడా వచ్చేస్తాయి.

మిర్చి కోతలప్పుడు మా ఊళ్లో అమ్మలు ఏడింటికే ఆటో ఎక్కుతారు. తొమ్మిదింటికి ప్రార్థన. అన్నం గంట కొట్టేది పన్నెండు దాటాకే. ఈలోగా ఎండలో వరుసలో నిలబడ్డ పిల్ల కళ్లు తిరిగి పడితే, సారు మొహాన నీళ్లు చల్లి అడుగుతారు: "పొద్దున ఏం తిన్నవ్?"

"చాయ్ తాగిన సార్."

అందులో ముంచుకునే బిస్కెట్ తమ్ముడికి పోయింది. పెద్దమనిషి లెక్కలో ఇది తల్లి బాధ్యతారాహిత్యం. ఆమె కోసిన మిర్చి మాత్రం ఆయన పచ్చడిలో బాధ్యతగానే పడి ఉంది.

ఢిల్లీ సంగతి ఇంకా బాగుంటుంది. పిల్లలకు పొద్దున టిఫిన్ పెట్టాలనీ, వండలేనిచోట బెల్లంతో శనగలో పల్లీలో ఇచ్చినా చాలనీ 2020 జాతీయ విద్యా విధానంలో రాసుకున్నారు. ఆర్థిక శాఖ ఒప్పుకోలేదు. 2021లో మధ్యాహ్న భోజనానికి 'పీఎం పోషణ్' అని పేరు మార్చారు. పేరైతే వడ్డించారు, పల్లీలు రాలేదు.

తెలంగాణలో 2023 అక్టోబరు 6న టిఫిన్ మొదలైంది. 9న ఎన్నికల షెడ్యూల్ వచ్చింది. మన పిల్లలకు ఆకలి కూడా ముహూర్తం చూసుకునే వేస్తుంది.

టిఫిన్ ఖర్చు మీద అభ్యంతరమూ కొత్తదేం కాదు. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ శెట్టి, మన తెలుగాయనే, థౌజండ్ లైట్స్ బడిలో పిల్లాడికి రోజుకు అణా మించకుండా టిఫిన్ పెట్టించారు. బడికొచ్చే పిల్లలు పెరిగారు. 1925లో దొరలు, ప్రాథమిక విద్యా నిధిలోంచి ఆ ఖర్చు కుదరదన్నారు. దొరలు పోయారు గానీ ఫైలు మీద వాళ్ల నోటింగ్ అలాగే ఉంది. తమిళనాడు మాత్రం దాన్ని పక్కన పడేసి, 2022 సెప్టెంబరులో మధురైలో మొదలుపెట్టి, మరుసటేడు ఆగస్టుకల్లా ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ టిఫిన్ చేర్చింది.

పెద్దమనిషి గారూ, ఒక్క పూట పెసరట్టు మానేసి మా ఊరి బడికి రండి. అన్నం గంట కొట్టేదాకా మూడో తరగతి బెంచీ మీద కూర్చుని భాగహారాలు చేయండి. చాయ్ మేమిస్తాం. ఉచితమే.